గంతల యాయిష్ గొంతు

యాయిష్ పుట్టగానే పెట్టిన కేకకు మంత్రసాని చేతిలోని వేణ్ణీళ్ల చెంబు జారి కింద పడిందట. పక్కింటి మేక తాడు తెంపుకుని కొండెక్కిందని కూడా అంటారు గానీ, తమ్రూత్ ఊళ్లో ఏ కథ చెప్పినా అందులో ఒక మేక తాడు తెంపుకుంటుంది కాబట్టి ఆ ముక్క వదిలేద్దాం. చెంబు మాట మాత్రం నిజం. సొట్టపడ్డ ఆ చెంబును వాళ్లమ్మ ఇజ్జా కడదాకా దాచుకుంది.

యాయిష్‌కు ముందు ఇజ్జాకు పుట్టిన బిడ్డలందరూ చప్పుడు చేయకుండా వచ్చి, చప్పుడు చేయకుండానే వెళ్లిపోయారు. అందుకని ఈ బిడ్డ ఏడుపుకు ఇల్లంతా చెవులు మూసుకుంటే, ఆవిడ మాత్రం "ఇంకోసారి ఏడిపించండే, వింటాను" అందట. బిడ్డలు దక్కని యూదుల ఇళ్లలో పెట్టుకునే పేరే పెట్టారు. యాయిష్ అంటే బతుకుతాడు అని. బతికాడు. అతనితోపాటు ఆ గొంతూ బతికింది.

ఆ గొంతు కీచుగా మొదలై, నడుమ ఎక్కడో విరిగి, బొంగురుగా దిగేది. సంతలో అతను బేరమాడుతుంటే కట్టేసిన గాడిదలు తలెత్తి బదులు పలికేవి. గాడిదల వీపు మీద వేసే గంతలు కుట్టడమే అతని పని కాబట్టి, అసలు గిరాకీతో నేరుగానే మాట్లాడుకుంటున్నాడని ఊరు నవ్వేది. అతని పెళ్లికీ నవ్వింది. పెళ్లికూతురు ఫ్రీహాకు నోరు పెద్దది, చెవులు పాము చెవులు. గంతకు తగ్గ బొంత అన్నారు.

గంతల పనిలో ఒక చిక్కుంది. ఊరి గోడ లోపల యూదుడు జంతువు ఎక్కకూడదు. మసీదు ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవాలి. బట్టలు నల్లగా ఉండాలి. ఇవన్నీ ఎవరు పెట్టారో తెలియని తాతల నాటి కట్టడులు. కానీ గంత కుదిరిందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు దాని మీద కూర్చోవాలి కదా. అందుకని యాయిష్ కొత్త గంతను యూదులవాడ పిట్టగోడ మీద పరిచి, తానెక్కి కూర్చుని, మడమలతో గోడ డొక్కలో పొడుస్తూ "ర్రా! ర్రా!" అని అదిలించేవాడు. గోడ మీద స్వారీ చేయకూడదని ఏ కట్టడీ లేదు. పెద్దలు ఆ సంగతి ఆలోచించి ఉండరు.

ఆ దారిన గాడిదలు తోలుకుపోయే లహ్సెన్ ముస్లిం. యాయిష్‌కు చిన్ననాటి స్నేహితుడు. రోజూ ఆగి పలకరించేవాడు.

"ఏరా యాయిష్, ఇయ్యాల ఏ ఊరు పోయొచ్చావు?"

"మర్రాకేష్ దాకా పోయొచ్చా. నీ గంత ఎడమ పక్క గడ్డి తక్కువైంది, దారంతా జారతానే ఉండా."

"గోడ ఏమన్నా మొరాయించిందా?"

"నీ గాడిదల కంటే నయం. మేత అడగదు."

ఇంతవరకూ నవ్వులాటే. యాయిష్‌కు నవ్వు రాని చోటు ఒకటుంది. అది ప్రార్థన మందిరం. అక్కడ ముందు నిలబడి అందరి తరఫునా ప్రార్థన చెప్పేవాడు వాడ గురువు, రిబ్బి మిమూన్. ఆయన గొంతు తేనె. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనకే తెలుసు. ఆయన యాయిష్‌ను మొదట పాటల్లో కలవొద్దన్నాడు. తర్వాత ఒక్క ఆమెన్ మాత్రం అనమన్నాడు. ఆ ఆమెన్‌కు ఒకసారి వాకిట్లో నిలబడ్డ నిండు చూలాలికి నొప్పులొచ్చాయని అదీ మానిపించాడు. యాయిష్‌కు ఇక పెదవులు కదపడం ఒక్కటే మిగిలింది. నలభై దాటిన మనిషి దేవుడి ముందు చేపలా నోరు తెరిచి మూసేవాడు.

ఆ గొంతును కావాలనుకున్న మనిషి లోకంలో ఒక్కతే. వాళ్లమ్మ. ముసలితనంలో ఆమెకు చెవుడు వచ్చిందని యాయిష్ నమ్మకం. అతనేం చెప్పినా "ఆఁ? ఏందీ? వినపడలా. మళ్ళీ చెప్పు నాయనా" అనేది. అతను మళ్ళీ చెప్పేవాడు, ఇంకాస్త గట్టిగా. ఫ్రీహా వంటింట్లో తల పట్టుకునేది.

"మీ అమ్మకు చెవుడని ఎవురయ్యా చెప్పింది నీకు? నేనిక్కడ ఆలివ్ కాయ నోట్లో ఏసుకుంటే అక్కడ కూర్చుని గింజ ఊసిన చప్పుడు ఇంటది!"

"నోర్ముయ్యవే. ముసలిదాన్ని ఆడిపోసుకుంటే కళ్లు పోతాయి."

"నాకు పొయ్యేది కళ్లు కాదులే, చెవులు!"

ఇజ్జా పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచింది. "నా తిథి రోజున నువ్వే ముందు నిలబడి ప్రార్థన చెప్పాలి, నాయనా. ఆ మిమూన్ కూనిరాగం నాకు వినపడదు. నీదైతే మట్టికిందికైనా వస్తది" అంది. ఇంకేమీ అడగలేదు. తల్లి తిథికి కొడుకు ముందు నిలబడటం వాడలో ఉన్న ఆచారమే. కొత్తగా అడిగిందేమీ కాదు.

కానీ ఏటా కళ్లాల రోజుల్లో ఆ తిథి రావడం, యాయిష్ వెళ్లి అడగడం, రిబ్బి మిమూన్ గడ్డం దువ్వుకుంటూ "వచ్చే ఏడు చూద్దాంలే, ఈ ఏడు జనానికి ఒంట్లో బాగాలేదు" అనడం మామూలైపోయింది. ఆ రోజు ఇజ్జా పేరు మీద రిబ్బి మిమూనే తేనె కురిపించేవాడు. యాయిష్ వెనక వరసలో చేప నోరుతో నిలబడి, అమ్మకు ఒక్క ముక్కా వినపడటం లేదని ఏడ్చేవాడు. నిజంగానే ఏడ్చేవాడు. ఏడుపును కూడా గొంతు దాటనివ్వకుండా ఏడవడం ఎంత కష్టమో ఎవరికీ పట్టలేదు.

ఇట్లా ఉండగా ఒక ఏడు వాన పడలేదు. విత్తిన బార్లీ మట్టిలోనే మాడింది. బావుల్లో చేదలు రాళ్లకు తగిలాయి. ముస్లింలు పైబట్టలు తిరగేసుకుని మైదానంలో ప్రార్థన చేశారు. వాన రాలేదు. ఆడవాళ్లు పెద్ద చెక్కగరిటెకు గుడ్డముక్క చుట్టి, పూసలు వేసి, పెళ్లికూతురిని చేసి ఊరేగించారు. ప్రతి గుమ్మంలోనూ దాని మీద నీళ్లు చల్లడంతో ఉన్న నీళ్లూ తరిగాయి. అప్పుడు సుల్తాను పేరు మీద ఊరిని ఏలే కాయిద్ హమ్మాది, ఆనవాయితీ ప్రకారం, యూదులకు కబురు పెట్టాడు. ఇక మీరడగండి అని.

యూదులంతా కాళ్లకు చెప్పుల్లేకుండా ఎండిన వాగులో దిగి నిలబడ్డారు. రిబ్బి మిమూన్ పాడాడు. ఎంత బాగా పాడాడంటే, గట్టు మీద గొర్రెల కాపరులు మందను వదిలి కూర్చుండిపోయారు. కాయిద్ రెండోసారి పాడించుకుని విన్నాడు. ఆకాశం మాత్రం తుడిచిన పళ్లెంలా ఉంది.

మసీదులో పిల్లలకు చదువు చెప్పే ఫకీహ్ సి బ్రాహిమ్ అక్కడే ఉన్నాడు. లోకంలో దేనికైనా కారణం చెప్పగల మనిషి. "ఇట్లయితే రాదు సిదీ" అన్నాడు కాయిద్‌తో. "ఇందులో ఒక సూత్రం ఉంది. తనకు ఇష్టమైన గొంతు అడిగితే దేవుడు వెంటనే ఇయ్యడు. ఇంకాసేపు ఇనాలనుకుంటాడు. అందుకే మనం అడిగితే ఆలస్యం. యూదులు అడిగితే, ఈ గోల ఇంక భరించలేనని చప్పున ఇచ్చి పంపిస్తాడు. వాళ్లని పిలిచేది అందుకే గదా. తీరా ఈయనేమో కోయిల్లాగా పాడుతుండాడు. దేవుడు మైమరిచి వింటా కూర్చున్నాడు. వాన ఎవరు పంపుతారు?"

ఈ సూత్రం యూదులకు కొత్తది కాదు. ముస్లింల ఎదుట తల ఊపేవాళ్లు. ఇంటికెళ్లి తలుపేసుకుని తిరగేసి చెప్పుకునేవాళ్లు, మనమంటే దేవుడికి ముద్దు, అందుకే అడగ్గానే ఇస్తాడు అని. ఏ గుమ్మం లోపలి సూత్రం ఆ గుమ్మం లోపల చెల్లుతుండేది.

కాయిద్ యూదుల వైపు తిరిగాడు. "మీలో అందరికంటే దరిద్రపు గొంతు ఎవరిదయ్యా?"

యూదులు ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడరని ఊళ్లో పేరు. సబ్బాతు రొట్టె ఎటువైపు నుంచి కోయాలనే దాని మీద అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్లున్నాయి. ఆ రోజు మాత్రం వాడ మొత్తం ఒక్కసారిగా తల తిప్పి యాయిష్‌ను చూసింది. గట్టు మీది గాడిదలు కూడా చూశాయని లహ్సెన్ అంటాడు.

యాయిష్‌కు సిగ్గుతో చెవులు కాలాయి. కానీ ముందుకు నడిచాడు. అందరి ముందూ నిలబడి గొంతు విప్పి దేవుణ్ణి పిలవడానికి అతనికి దొరికిన మొదటి అవకాశం అది. ఎందుకు దొరికిందో తలుచుకుంటే అవమానం, దొరికిందని తలుచుకుంటే ఆనందం. ఆనందమే గెలిచింది. గుండెల నిండా గాలి పీల్చి, చలికాలపు ప్రార్థనలో వాన కోసం చెప్పే మాటను ఎత్తుకున్నాడు. "మోరీద్ హ-గెషెమ్!" వాన కురిపించేవాడా అని.

కాపరులు లేచి పరిగెత్తారు. కాయిద్ గుర్రం రెండు కాళ్ల మీద లేచింది. యాయిష్ ఆపలేదు. గెషెమ్, గెషెమ్ అని విరిగిన గొంతుతో కొండలు అదిరేటట్టు అరిచాడు. మధ్యాహ్నానికి కొండ వెనక నుంచి ఒక నల్లమబ్బు, ఎవరో మెడ పట్టి గెంటినట్టు, తడబడుతూ వచ్చింది. ఎండిన వాగులో నిలబడి వాన కోసం అడగడం ఎంత తెలివైన పనో అప్పుడు తెలిసింది. కొండల్లో కురిసిన నీళ్లన్నీ ఒక్కసారిగా వాగులోకి దిగితే, జనం పడుతూ లేస్తూ గట్టెక్కారు. రిబ్బి మిమూన్ తలగుడ్డ కొట్టుకుపోయింది. అది ఇప్పటికీ దొరకలేదు.

ఆ రోజు నుంచి అతను వానల యాయిష్. చలికాలమంతా, మళ్ళీ విత్తిన కాయిద్ గారి బార్లీ చేల గట్ల మీద నిలబడి గెషెమ్ గెషెమ్ అనడమే పని. చుట్టుపక్కల తెగలవాళ్లు కూడా అరువడిగి తీసుకుపోయేవాళ్లు. అయితే ఊరి గోడ లోపల యూదుడు జంతువు ఎక్కకూడదు కదా. కాలినడకన రమ్మంటే మబ్బు దాటిపోతుంది. ఫకీహ్ ఆలోచించి చెప్పాడు, జంతువును ఎక్కకూడదనే ఉంది గానీ మనుషుల్ని ఎక్కకూడదని ఎక్కడా లేదని. ఇక నలుగురు పడుచు ముస్లింలు యాయిష్‌ను అతను కుట్టిన గంత మీదే కూర్చోబెట్టి, భుజాల మీద మోసుకుంటూ ఊరి వాకిలి దాటించేవాళ్లు. మసీదు ముందుకు రాగానే యాయిష్ చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. కట్టడి కట్టడే.

"ఏరా, గోడ బాగుందా, వీళ్లు బాగుండారా?" అని లహ్సెన్ కింద నుంచి అరిచేవాడు.

"గోడే నయంరా. వీళ్లు కుదుపుతున్నారు."

పస్కా పండగ వచ్చింది. పండగతో చలికాలపు ప్రార్థన ఆగిపోతుంది. వాన అనే మాట తీసేసి ఆ చోట మంచు అని చెప్పాలి, గెషెమ్ బదులు తల్. ఎండాకాలం వాన అడగకూడదు. అది పండిన పంటకు శాపం. నాలుక అలవాటు పడటానికి ఆ ముక్కను ముందే తొంభైసార్లు వల్లె వేసుకొమ్మంటారు పెద్దలు. అందరూ వల్లె వేశారు. యాయిష్ కూడా వేశాడు. కానీ పాపం, మిగతా వాళ్లు చలికాలంలో రోజుకు మూడు పూటలా గెషెమ్ అంటే, ఇతను లేచింది మొదలు పడుకునేదాకా అన్నాడు. ఆ నాలుకకు వేరే దారి తెలియదు. నిద్రలో కూడా గెషెమ్ అనేవాడని, ఫ్రీహా లేచి దండెం మీది బట్టలు లోపలికి తెచ్చుకునేదని వాడలో చెప్పుకుంటారు.

కళ్లాల రోజులు వచ్చాయి, వాటితోపాటు ఇజ్జా తిథీ వచ్చింది. యాయిష్ రిబ్బి మిమూన్ ముందు నిలబడ్డాడు. ఈసారి తల వంచుకోలేదు.

"రిబ్బీ, మా అమ్మ తిథికి నేను ముందు నిలబడతా."

రిబ్బి మిమూన్ కొత్త తలగుడ్డ సర్దుకున్నాడు. వాడలో ప్రతి ఇంట్లోనూ ఆ ఏడు తింటున్న రొట్టె యాయిష్ గొంతు పుణ్యమే. కాదనడానికి నోరు రాలేదు. "నిలబడు నాయనా. ఈ ఏడు జనానికి ఒంట్లో బాగానే ఉంది" అన్నాడు.

యాయిష్ ఇంటికి గంతులేస్తూ వచ్చాడు. ఆ సంతోషం మర్నాటి పొద్దుటిదాకా కూడా నిలవలేదు. కాయిద్ గారి భటుడు బా ఇద్దర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లాల్లో కాయిద్ గారి బార్లీ కొండలా పోసి ఉంది. దాన్ని తూర్పారబట్టి గింజలు లోపలికి చేరేదాకా యాయిష్ నోరు తెరవకూడదు. అన్నానికి తప్ప.

ముగ్గురూ కాయిద్ దగ్గరికి వెళ్లారు. రిబ్బి మిమూన్, యాయిష్, వద్దన్నా వెంటపడ్డ ఫ్రీహా.

"సిదీ, ఎండాకాలం మా ప్రార్థనలో వాన మాటే లేదు" అన్నాడు రిబ్బి. "మంచు అని మాత్రమే అంటాం. తల్ అని."

కాయిద్ ఫకీహ్ వైపు చూశాడు. "మంచు పడితే బార్లీకి ఏమన్నా అవుద్దా?"

"కొంచెమైతే ఏం కాదు సిదీ. ఈయన గొంతుకు కొంచెం పడుద్దా అన్నదే అనుమానం."

"ఏం యాయిష్, నోరు జారవు గదా?"

యాయిష్ జవాబు చెప్పబోయాడు. కాయిద్ రెండు చేతులూ అడ్డం పెట్టి "నువ్వు మాట్లాడబాక! తల ఊపు!" అన్నాడు. యాయిష్ తల ఊపాడు.

ఫ్రీహా ఊరుకోలేదు. "సిదీ, ఈయనకు ఇదొక్కటే కోరిక. వాళ్లమ్మ అడిగి పోయింది. ఏటేటా ఏడ్చి చస్తన్నాడు. మీకు మాత్రం అమ్మ లేదా?"

కాయిద్‌కు అమ్మ ఉంది. పక్క గదిలోనే ఉంది, ఫ్రీహా మాట విని గట్టిగా దగ్గింది. కాయిద్ కాసేపు మీసం నమిలి ఒప్పుకున్నాడు. కానీ షరతు పెట్టాడు. "ఒక్క చినుకు పడిందా, మీ మందిరం తలుపుకు మేకులు కొట్టిస్తా. మళ్ళీ తెరవను. వాడ మొత్తం గోడలెక్కి ప్రార్థన చేసుకోండి." ఈ మాట నవ్వుతూ అనలేదు. అంతకుముందు పక్క ఊళ్లో ఒక తలుపుకు మేకులు పడటం అందరూ చూశారు.

బా ఇద్దర్‌ను మందిరం గుమ్మంలో కాపలా పెట్టారు. అతనికి యూదుల భాష ఒక్క ముక్క రాదు. అందుకని ఫకీహ్ కూర్చోబెట్టి ఒకే ఒక మాట నేర్పాడు. గెషెమ్. అది వినపడగానే కళ్లాలకు పరిగెత్తాలి. బా ఇద్దర్ ఆ మాటను మర్చిపోకుండా దారంతా గొణుక్కుంటూ వచ్చాడు. అది చూసి లహ్సెన్ "అయ్యా, కాపలా వాడే వాన తెచ్చేట్టు ఉన్నాడు" అన్నాడు.

తిథినాటి పొద్దున మందిరం నిండిపోయింది. సగంమంది ఇజ్జా మీద గౌరవంతో వస్తే, మిగతా సగం ఆకాశం మీద భయంతో వచ్చారు. "నువ్వే చెప్పు రిబ్బీ, ఈసారికి మానేయమను" అని గొణిగిన వాళ్లున్నారు. యాయిష్ ప్రార్థనకు కప్పుకునే తెల్లశాలువా తల మీదికి లాక్కుని ముందుకొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

ఆ గొంతు మారలేదు. కీచుగా మొదలై, నడుమ విరిగి, బొంగురుగా దిగింది. వాకిట్లో ఫ్రీహా చెవులు మూసుకోలేదు. మొదటి దీవెన బాగా జరిగింది. రెండో దీవెన మొదలైంది. చచ్చినవాళ్లను బతికించే దేవుడని చెప్పే దీవెన అది. వానా మంచూ వచ్చేది అందులోనే. చచ్చినవాళ్లు అనగానే యాయిష్‌కు అమ్మ గుర్తొచ్చింది. అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగే అమ్మ. అప్పుడు నాలుక తన దారిన తాను పోయింది.

"మోరీద్ హ-గెషెమ్!"

గుమ్మంలో బా ఇద్దర్ ఎగిరి గంతేసి పరుగందుకున్నాడు. రిబ్బి మిమూన్ ముఖం పాలిపోయింది. "మొదటికి రా, మొదటికి" అన్నాడు నీరసంగా. అదీ నియమం. ఎండాకాలంలో వాన అడిగితే ఆ ప్రార్థన చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి.

యాయిష్ చెమట తుడుచుకుని మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఆ చోటు ఎప్పుడొస్తుందా అని భయపడుతూ చెప్పాడు. భయపడితే నాలుక మాట వింటుందా? గెషెమ్ అంది. మళ్ళీ మొదటికి. మూడోసారి జనమంతా ముందే గుసగుసగా "తల్, తల్" అని అందించారు. ఆ గుసగుసకు తికమకపడి ఇంకా గట్టిగా గెషెమ్ అన్నాడు. ఒకరిద్దరు గోడకేసి తల కొట్టుకున్నారు. నాలుగోసారికి భయం కూడా అలిసిపోయింది. యాయిష్ కళ్లు మూసుకుని, అమ్మతో ఒక్కడే ఉన్నట్టు మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. ఎవరి సాయం లేకుండా తల్ వచ్చింది.

బయట కళ్లాల్లో ప్రళయం. బా ఇద్దర్ కేకలకు ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. గుడారాలు, దుప్పట్లు, తివాచీలు, కాయిద్ గారి పట్టుపరుపులు అన్నీ తెచ్చి బార్లీ మీద కప్పారు. అవి చాలక ఆడవాళ్లు తమ పైబట్టలు పరిచారు. కాయిద్ తల్లి తనను మంచంతో సహా మోసుకొచ్చి బార్లీ మీద పెట్టమంది. అందరూ తలలెత్తి ఆకాశం చూస్తూ నిలబడ్డారు. నీలంగా, ఖాళీగా ఉంది. మధ్యాహ్నమైంది. ఒక కాకి పోయింది. సాయంత్రం దాకా ఒక్క చినుకు పడలేదు. పరుపుల కింద బార్లీ మాత్రం కొంచెం ఉక్కపోసింది.

పొద్దుగూకే వేళ యాయిష్‌ను పిలిపించారు. రిబ్బి మిమూన్ వెంట వెళ్లాడు. వాడలో జనం మందిరం గుమ్మం ముందు కూర్చుని మేకుల కోసం ఎదురు చూస్తున్నారు.

కాయిద్‌కు కోపం రావాలో వద్దో తెలియడం లేదు. వాన పడి ఉంటే తేలిగ్గా ఉండేది. "ఎన్నిసార్లు అన్నాడు?" అని అడిగాడు.

"మూడుసార్లు సిదీ" అన్నాడు బా ఇద్దర్. "నా చెవులారా ఇన్నా. మూడోసారి నేను మళ్ళీ వచ్చి మరీ ఇన్నా."

"మూడుసార్లు వాన అడిగితే ఒక్క చినుకూ రాలేదు. ఫకీహ్, దీని మాటేంది? వీడి గొంతు బాగుపడిందా?"

"లేదు సిదీ. అట్టాగే ఉంది. ఊరవతలికి వినపడింది."

"మరి?"

సి బ్రాహిమ్ నోరు తెరిచి మూశాడు. లోకంలో దేనికైనా కారణం చెప్పగల ఆ మనిషి మొదటిసారి తడుముకున్నాడు. కారణం తెలియక కాదు. సూత్రం తనదే, ఊరందరి ముందూ చెప్పింది. ఇప్పుడు తిప్పుకోవడానికి లేదు.

"నచ్చని గొంతైతే అడగ్గానే ఇచ్చేస్తాడు సిదీ" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "అడిగినా ఇయ్యలేదంటే..."

"ఇయ్యలేదంటే?"

"ఇంకోసారి వినాలనుకున్నాడు."

ఈసారి పక్క గదిలో కాయిద్ తల్లి దగ్గలేదు. కాయిద్ యాయిష్ వంక చాలాసేపు చూశాడు, సంతలో కొన్న గాడిద ఉన్నట్టుండి గుర్రమని తేలితే చూసినట్టు. తర్వాత చెయ్యి ఊపాడు. "తలుపు జోలికి పోబాకండి. వీణ్ణి ఇంక వానకు పిలవబాకండి, పనికిరాడు. ఇంకో దరిద్రపు గొంతును వెతుక్కోవాల." రిబ్బి మిమూన్ వైపు ఆశగా చూశాడు గానీ, మళ్ళీ తల అడ్డంగా ఊపేశాడు.

అట్లా యాయిష్ ఉద్యోగం ఊడింది. మోసే భుజాలు లేవు, గంత మీద ఊరేగింపు లేదు. చెప్పులు చేత పట్టుకుని, మసీదు ముందు నుంచి, నడిచి ఇంటికి బయల్దేరాడు. తోవలో లహ్సెన్ ఎదురై ఏదో అడిగాడు. యాయిష్‌కు వినపడలేదు. అతని చెవుల్లో ఫకీహ్ మాటే ఉంది. ఇంకోసారి వినాలనుకున్నాడు. ఆ మాటను ఎక్కడో విన్నట్టుంది. ఇంకెవరో అన్నట్టుంది.

వాడ వాకిలి దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. అమ్మకు పొయ్యి మీద పాలు పొంగడం వీధిలోంచి వినపడేది. అటక మీద పిచ్చుక కదిలితే "గూడు పెడుతుందిరా" అనేది. ఫ్రీహా ఆలివ్ గింజ వినపడేది. వినపడనిది కొడుకు మాట ఒక్కటే. అదీ మొదటిసారి మాత్రమే.

యాయిష్ పిట్టగోడ మీద కూలబడ్డాడు. కింద గంత కూడా లేదు. వాడలో పిల్లలు చూసి, ఇవాళ గంతలాయన గోడను అదిలించడం లేదేమిటని నవ్వుకుంటూ పోయారు. అతను చాలాసేపు మొహం మోచేతిలో పెట్టుకుని, ఈసారి గొంతు దాచుకోకుండా ఏడ్చాడు. ఎక్కడో ఒక గాడిద బదులు పలికింది.

ఇంటికి వచ్చేసరికి ఫ్రీహా గుమ్మంలోనే ఉంది. మేకులు పడలేదన్న కబురు అతనికంటే ముందే వచ్చేసింది, ఆ చెవులకు రాని కబురు ఉండదు. అయినా అడిగింది.

"ఏమన్నాడయ్యా కాయిద్?"

"వాన పడలేదు" అన్నాడు యాయిష్. గొంతు ఎక్కడో నడుమ విరిగింది. "దేవుడు ఇంకోసారి వినాలనుకున్నాడంట."

ఫ్రీహా అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగింది.

"ఆఁ? ఏందీ?" అంది. "వినపడలా. మళ్ళీ చెప్పు."

అతను మళ్ళీ చెప్పాడు, ఇంకాస్త గట్టిగా.